ఆర్మేనియా మీద ఆరా

ఫుట్‌బాల్ గురించి నాకు ఏమన్న తెలుసా అంటే తెల్వది. మనుషులు తెలుసు. ముప్పై రెండేండ్లు కోరుట్ల పోస్టాఫీసుల కౌంటర్ వెనుక కూసున్నదాన్ని. ఎవరికి ఏ ఊరికెళ్ళి ఉత్తరం వస్తది, ఎవరు రిజిస్టర్ పోస్టు చూసి మొఖం మాడ్చుకుంటరు, ఎవరు పోస్ట్‌మన్‌ను చూసి ఇంట్ల లేనని చెప్పిస్తరు, అన్నీ నా కండ్ల ముందే నడిచినయి. అందుకని మా చుట్టాలల్ల ఎవరింటికి సంబంధం వచ్చినా ముందు నా దగ్గరికే వచ్చెటోళ్ళు. సుభద్రక్కా, పిలగాడు ఎసొంటోడో జర ఆరా తియ్యి అనెటోళ్ళు. నేను తీసిన ఆరా తప్పయిందని ఇప్పటిదాక ఒక్కలు అనలె. అంటే మాత్రం నేను ఊకుంటనా?

గసొంటి నన్ను, రిటైరైనంక, నా బిడ్డ శ్రీజ తీస్కొచ్చి న్యూజిలాండ్‌ల, ఆక్లాండ్ పక్కన ఈ పాపకూరల కూసోవెట్టింది. బిడ్డ, అల్లుడు పొద్దున ఏడింటికే చెరొక కారెక్కి పోతరు. ఇగ ఇంట్ల నేను, కంచెకు అవతల ఐర్లాండోళ్ళు.

వాళ్ళతోని నా దోస్తానా లొల్లితోనే మొదలైంది. మార్చిల ఒకనాడు పొద్దుగాల పక్కింటి గ్యారేజ్‌లకెళ్ళి ఒకటే కేకలు. ఎవరికన్న ఏమన్న అయిందేమో అనుకొని ఉరికిన. చూస్తే పది పన్నెండు మంది ఆకుపచ్చ అంగీలేసుకొని టీవీ ముందట ఎగురుతున్నరు. నాకు కోపం నసాళానికెక్కింది. పక్కింట్ల మనుషులు పండుకోవద్దా, ఇది ఇల్లా, సంతనా అని నాకొచ్చిన ఇంగ్లిష్‌ల మంచిగ దులిపిన. ఆ ఇంటామె పేరు నోరీన్. హామిల్టన్ దవాఖానల నర్సు పని చేసి రిటైరైంది. ఆమె ఒక కుర్చీ ముందటికి జరిపింది, చాయ్ గిలాస చేతిల పెట్టింది. ఇగ నాకు తిట్టబుద్ధి కాలె. యూరప్‌ల రాత్రి ఆడే ఆట మనకు ఇక్కడ తెల్లారినంక వస్తదట. అప్పటిసంది ఆట ఉన్ననాడల్ల ఆ కుర్చీ నాదే.

వరల్డ్ కప్‌కు పోవాల్నంటే ముందుగాల క్వాలిఫయర్లని ఉంటయి. ఐర్లాండ్ పడ్డ గుంపుల ఇంక మూడు దేశాలు ఉన్నయి, పోర్చుగల్, హంగరీ, ఆర్మేనియా. ఒక్కొక్కలతోని రెండు ఆటలు ఆడాలె. ఒకటి వాళ్ళ దేశంల, ఒకటి మన డబ్లిన్‌ల. మన డబ్లిన్ అంటున్ననని నవ్వకుండ్రి, అలవాటైపోయింది. ఈ గ్యారేజోళ్ళకు ఒక రివాజు ఉంది. ఆటలు షురూ అయ్యే ముందు ఒక ఆదివారం అందరు కూడి ఎదుటి టీములను పంచుకుంటరు. టీము దక్కినోళ్ళు దాని పుట్టుపూర్వోత్తరాలు తీసి, మళ్ళ అందరి ముందట నిలబడి తూకం వేసి చెప్పాలె. ఎవరి తూకం తప్పితే వాళ్ళు ఆ ఆటలన్నీ అయ్యేదాక గ్యారేజ్‌ల చాయ్ పెట్టాలె.

వీళ్ళు మాట్లాడే తీరు చూసి ముందు నాకు నవ్వాగలె. ఎదుటోళ్ళను ఆకాశానికెత్తుతరు, సొంతోళ్ళను బురదల తొక్కుతరు. పోర్చుగల్ మనకు నాలుగు గోల్స్ కొడ్తది, హంగరీ రెండు కొడ్తది, మనోళ్ళకు అసలు కాళ్ళున్నయా అని సంబురంగ చెప్పుకుంటరు. మన దగ్గర సొంత కొడుకు గురించి ఎవరన్న గిట్ల చెప్తరా? దిష్టి తగలకుంట గట్ల అంటరని తర్వాత సమజైంది. ఒక్క ఆర్మేనియా మాట వచ్చినప్పుడు మాత్రం అందరు చెయ్యి ఊపి పారేసిన్రు. చిన్న దేశం, రెండు ఆటలు జేబుల పడ్డట్టే అన్నరు. పోర్చుగల్ కావాలని నలుగురు కొట్లాడితే నోరీన్‌కు దక్కింది. ఆర్మేనియాను ఎవ్వరు ముట్టలె. కొత్తామెకు ఇయ్యుండ్రి, నేర్చుకుంటది అని నాకు అంటగట్టిన్రు.

నాకు ఒళ్ళు మండింది. చిన్న సంబంధమే కదా అని ఆరా తీయకుంట పిల్లనిచ్చి నెత్తికి చేతులు పెట్టుకున్నోళ్ళను నేను ఎంతమందిని చూడలె? కాని కొత్తదాన్ని, గమ్మున తీసుకున్న.

ఆ పొద్దుమీకి డెక్లన్ కంచె దగ్గరికి వచ్చిండు. డెక్లన్ అంటే ఆ గ్యారేజ్‌ల నాకు అందరికంటె ఇష్టమైన మనిషి. డెబ్బై నాలుగేండ్లు, కరెంటు పని చేసి మానేసిండు, పెండ్లి చేసుకోలె, మాకు ఇంకో పక్క ఇంట్ల ఒక్కడే ఉంటడు. గాలికి మా కంచె పడిపోతే ఎవరు అడగకముందే వచ్చి నిలబెట్టిండు. నా పచ్చిపులుసు గిలాసల పోసుకొని తాగుతడు. గా డెక్లన్ వచ్చి, ఆర్మేనియా సంగతి జర గట్టిగ చూడు అన్నడు. ఎందుకయ్యా అంటే నసిగిండు. నసిగేటోళ్ళ దగ్గర మాట రాబట్టుడు నాకు కొత్త కాదు. నేను ఏం అడగకుంట బట్టలు మడతపెట్టుకుంట నిలబడ్డ. ఐదు నిమిషాలల్ల అంతా కక్కిండు.

పదహారేండ్ల కింద ఆయన డబ్లిన్ పోయిండట. తమ్ముడు లియమ్, ఈయన కలిసి స్టేడియంకు పోయి ఆట చూసిన్రు. ఐర్లాండ్ ఓడింది. బయటికి వస్తుంటే తమ్ముడు గుస్సాల, నువ్వు రాకపోతే గెల్చెటోళ్ళం, నువ్వు కాలు పెట్టినప్పుడల్ల ఇంతే అన్నడు. మన తీరుగ చెప్పాల్నంటే సొంత అన్నను పట్టుకొని ఐరన్ లెగ్ అన్నడు. డెక్లన్ బ్యాగు సర్దుకొని విమానమెక్కిండు. ఇగ అప్పటిసంది ఇద్దరికి ఫోన్ లేదు, కబురు లేదు.

పెండ్లిపత్రికల పేరు కింది వరుసల పడ్డదని మాట్లాడుడు బంద్ చేసుకున్న అన్నదమ్ములు మా దిక్కు కూడ ఉన్నరు. అయినా ఒక ఆటకు పదహారేండ్లా, సిగ్గుండాలె ఇద్దరికి అని తిట్టిన. డెక్లన్ తల దించుకున్నడు. డాక్టరు ఆయన గుండె చూసి, అంత దూరం పోవాల్నంటే ఈ ఏడాదే పో, అది కూడ ఒక్కసారే అన్నడట. పోవాలని పానం కొట్టుకుంటుంది. కాని పోయిననాడు ఐర్లాండ్ ఓడితే తమ్ముని మాటే నిజమైతది. డబ్లిన్‌ల మూడు ఆటలున్నయి. సెప్టెంబర్‌ల హంగరీ, అక్టోబర్‌ల ఆర్మేనియా, నవంబర్‌ల పోర్చుగల్. పక్కా గెలిచేది ఏదో తేల్చుకొని అప్పుడే పోతనన్నడు.

"నేను ఆడ ఉన్ననాడు ఐర్లాండ్ గెలవాలె సుభద్రా. అప్పుడే వాని ఇంటి తలుపు కొడ్త. లేకుంటే కొట్ట."

అందరు ఆర్మేనియానే అంటున్నరు గని నువ్వు చెప్తే నమ్ముత అని పోయిండు. నాకంటె పెద్దాయనే గని, చెల్లె అనకుంట ఉత్త పేరు పెట్టి పిలుస్తడు, అది వేరే సంగతి.

తెల్లారి శ్రీజ ఫోన్ల చూసి ఆర్మేనియా ఎన్ని గెలిచింది, ఎన్ని ఓడింది అన్నీ చదివి వినిపించింది. అది బయోడేటా బిడ్డా అన్న. బయోడేటాల ఎవడన్న తాగుతనని రాసుకుంటడా? ఆరా అంటే మనిషిని పట్టుకోవాలె. ఆ ఇంటికి నేరుగ పోవద్దు, ఆ ఇంటిని ఎరిగినోళ్ళ దగ్గరికి పోవాలె, పోయి అసలు ముచ్చట అడగొద్దు. శ్రీజ ఆఫీసుల ఒకామె బూట్లు కుట్టించుకునే దుకాణం ఆక్లాండ్ సిటీ సెంటర్‌ల ఉంది. దాని ఓనర్ హాకోబ్, ఆర్మేనియా మనిషి. నాకు అంతకంటె ఏం కావాలె? మంచిగున్న నా చెప్పు పట్టీని కత్తెర పెట్టి కోసిన. డబ్బనిండ సకినాలు పోసుకొని రైలెక్కిన.

మూడు వారాలల్ల మూడు చెప్పులు తెగినయి. మొదటిసారి హాకోబ్‌తోని ఆట మాటే ఎత్తలె. ఆయన పిల్లలు, ఆయన మోకాలు నొప్పి, వాళ్ళ ఊరి ఖుబానీ పండ్లు, గివే మాట్లాడిన. రెండోసారి సకినం నములుకుంట ఉంటే, పాపం మీ టీము రెండు ఆటలు ఓడిపోతదట కదా, పక్కింటోళ్ళు అనుకుంటున్నరు అన్న, ఎంతో జాలిపడ్డట్టు. హాకోబ్ చేతిల ఉన్న సుత్తె పక్కకు పెట్టిండు. మా ఇంటికి రానీ అన్నడు. మా రాజధాని యెరెవాన్‌ల ఊరు ఊరంత లేచి నిలబడ్తది, ఆడ మాతోని ఎవ్వడు పెట్టుకోవద్దు అన్నడు. మరి డబ్లిన్‌ల అని అడిగితే సుత్తె మళ్ళ చేతిలకు తీసుకొని మేకు కొట్టుకుంట కూసున్నడు. సంబంధాలల్ల కూడ గింతే, చెప్పింది సగమే, చెప్పంది మిగిలిన సగం.

ఒక్కని మాట మీద తూకం వెయ్యద్దు కదా. మూడోసారి హాకోబ్ లేనప్పుడు చూసుకొని పోయి ఆయన భార్యను పట్టుకున్న. ఆమెకు ఆట మీద ప్రేమ లేదు, మొగని మీద ఫిర్యాదులు మస్తుగున్నయి. మావోళ్ళు ఇంట్ల పులులు, ఊరు దాటితే ఒకరి మొఖం ఒకరు చూసుకుంట నిలబడ్తరు, మా ఆయన కూడ గంతే అని తేల్చి చెప్పింది. గామె మాట మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

తూకం నాడు గ్యారేజ్‌ల అందరి ముందట నిలబడ్డ. సెప్టెంబర్‌ల ఆర్మేనియాకు పోయి ఆడితే ఓడిపోతం, అక్టోబర్‌ల డబ్లిన్‌ల గెలుస్తం అని రెండే మాటలు చెప్పి కూసున్న. ఓడిపోతం అన్నందుకు ఎంత నవ్విన్రంటే ఒకనికి ముక్కుల నుంచి చాయ్ వచ్చింది. ఆర్మేనియా చేతిలనా, చెప్పులు కుట్టేటాయన చెప్పిండా అని ఒకటే ఎకసెక్కాలు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, కోపానికే. ఇయ్యాల నవ్వినోళ్ళు రేపు నాకు చాయ్ తెచ్చి ఇస్తరు, రాసి పెట్టుకోండ్రి అని చెప్పి వచ్చేసిన. డెక్లన్ ఒక్కడు నవ్వలె.

సెప్టెంబర్ పదో తారీఖు ఆట తెల్లారకముందే ఉండె, నేను పొద్దుగాల లేచేసరికి గ్యారేజ్ దిక్కుకెళ్ళి చప్పుడే లేదు. నాకు అర్థమైంది. తీరుబడిగ తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని పోయిన. ఆర్మేనియా రెండు, ఐర్లాండ్ ఒకటి. అందరు నేల దిక్కు చూసుకుంట కూసున్నరు. ముక్కుల చాయ్ వచ్చినాయననే లేచి నా చేతికి చాయ్ తెచ్చిచ్చిండు. చక్కెర తక్కువైందని వాపస్ పంపిన.

ఇగ నా పేరు మారుమోగింది. పాత కారు కొనాల్నా వద్దా అని నన్నే అడుగుతున్నరు. ఫ్లాట్ కిరాయికిస్తే మనిషి ఎసొంటోడో చూడుమని నన్నే తీస్కపోతున్నరు. డెక్లన్ అయితే ఇంక ఎవ్వరిని అడగలె. సీదా పోయి అక్టోబర్‌కు టికెట్ బుక్ చేసి, ఆ కాగితం తెచ్చి నాకు చూపించిండు. ఆ కాగితం చూసినంక నాకు భయం పట్టుకుంది. ముప్పై ఏండ్లల్ల నేను ఆరా తీసిన్న గని, ఇంతే జరుగుతదని ఎవ్వరికి గ్యారంటీ ఇయ్యలె. ఆటల బంతి ఏ దిక్కు దొర్లుతదో నాకేం తెలుసు? అక్టోబర్‌ల ఓడితే ఈ మనిషి తమ్ముని గడప తొక్కకుంటనే తిరిగొస్తడు. ఇగ ఎన్నడు పోడు.

అప్పుడు కొట్టింది బుర్రకు. డెక్లన్ పోయి ఎదురు నిలబడాల్సింది ఆర్మేనియాకా? లియమ్‌కు. ఆర్మేనియా కోసం మూడు చెప్పులు తెంపుకున్న గని లియమ్ మీద ఒక్క మాట ఆరా తీయలె. నా మీద నాకే అసహ్యమేసింది.

నోరీన్‌ది కూడ డబ్లినే, లియమ్ నంబరు ఆమె దగ్గర దొరికింది. మన సాయంత్రం వాళ్ళ పొద్దున. ఫోన్ చేసి, నేను న్యూజిలాండ్‌ల ఉంట, ఆర్మేనియా టీము గురించి తెలుసుకుంటున్న, ఆట బాగ తెలిసిన మనిషివని నీ పేరు చెప్పిన్రు అన్న. ఎవరు చెప్పిన్రని కూడ అడగలె పిచ్చోడు. నలభై నిమిషాలు ఆర్మేనియా గురించి దంచిండు. నేను ఊఁ కొట్టుకుంట కూసున్న. వంటింట్ల శ్రీజ నెత్తి పట్టుకుంది. ఆఖరికి మెల్లగ, మరి నువ్వు అక్టోబర్‌ల స్టేడియంకు పోతవా అని అడిగిన. పోనన్నడు. పదహారేండ్లాయె పోక అన్నడు. ఆట ఉన్ననాడు ఇంట్ల టీవీ కూడ పెట్టడట. ఎందుకని నేను అడగలె. బట్టలు మడతపెట్టుకుంట ఉన్న.

"మా అన్న వచ్చిండు ఒకసారి. ఆనాడు ఓడింది వాని వల్ల కాదు. వాడు రాకముందు నేను వరుసగ ఐదు ఆటలకు పోయిన, ఐదు ఓడినయి. ఐరన్ లెగ్ నాది. అది వానికి చెప్పలేక కోపం వాని మీద పోసిన."

ఐరన్ లెగ్ అన్న మాట నాది, ఆయన ఇంగ్లిష్‌ల ఇంకేదో అన్నడు, ముచ్చట మాత్రం అదే. మరి ఒక్క ఫోన్ చేసి చెప్పద్దా అంటే, ఇన్నేండ్లయినంక ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె అన్నడు. అప్పుడు నేనెవరో చెప్పిన. మీ అన్న మా పక్కన కూసొని ఆట చూస్తడు అని చెప్పిన. ఫోన్ పెట్టేసిండేమో అనుకున్న, పెట్టలె. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఇద్దరిని నిలబెట్టి చెరొకటి పీకాలనిపించింది.

ఇగ నేను ఏం చేసిన్నో చెప్తే మీరు నన్ను అబద్ధాలకోరు అంటరు. అనుండ్రి. మొండికేసిన రెండు ఇండ్లను కలపాల్నంటే, అవతలోళ్ళే ముందుగాల అడిగిన్రని ఇద్దరికి చెప్పాలె. సంబంధాల పనిల అది అబద్ధం కిందికి రాదు. మీ అన్న అక్టోబర్‌ల వస్తుండు, ఇంటికి పిలుస్తవేమోనని చూస్తుండు అని లియమ్‌కు చెప్పిన. కంచె దగ్గరికి పోయి, మీ తమ్ముడు నిన్ను ఇంటికి రమ్మన్నడు అని డెక్లన్‌కు చెప్పిన.

డెక్లన్ మొఖం ఎర్రగైపోయింది. ఇన్ని రోజులల్ల ఆ మనిషి గొంతు పెద్దగ చేసుడు నేను ఎన్నడు వినలె. నా ఇంటి సంగతిల ఫోన్లు చెయ్యమని నిన్ను ఎవరడిగిన్రు, ఆర్మేనియాను చూడమన్న గని నా తమ్ముని చూడమన్ననా అని గట్టిగ అని పోయిండు. తొమ్మిది రోజులు నా దిక్కు చూడలె. శ్రీజ కూడ అందుకుంది. అమ్మా, ఈ దేశంల ప్రైవసీ అని ఒకటుంటది, ఇది కోరుట్ల కాదు అని క్లాస్ పీకింది. నేను పైకి ఊకోలె గని లోపల భయమైంది. ఉన్న దారం కూడ నా చేతులతోనే తెంపిన్ననా అని పచ్చిపులుసు చేసుకున్నప్పుడల్ల ఏడ్చిన.

పదో రోజు డెక్లన్ కంచె మీద చేతులు పెట్టి నిలబడ్డడు.

"వాడు నిజంగ రమ్మన్నడా?"

"రమ్మన్నడు," అన్న, రెప్ప కొట్టకుంట.

ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పు అన్నడు. అప్పటికప్పుడు అల్లిన. స్టేడియంకు పోవద్దు, టీవీ పెట్టద్దు, ఆట అయ్యేదాక ఇద్దరం వంటింట్ల కూసుందాం అన్నడు అని చెప్పిన. డెక్లన్ ఇసొంటి పిచ్చి మాట వాడు తప్ప ఇంకెవ్వడు అనడు అని నమ్మిండు. నమ్మి, ఒక షరతు పెట్టిండు. ఆట నడిచినంత సేపే కూసుంట, అయిపోయిందని నువ్వు ఫోన్ చెయ్యి, ఫోన్ వచ్చినంక ఒక్క నిమిషం ఉండ, హోటల్‌కు పోత అన్నడు. గెలిస్తే పొద్దున మళ్ళ వస్తడట, ఓడితే సీదా ఎయిర్‌పోర్ట్‌కేనట. అదే మాట లియమ్‌కు చెప్తే సరే అన్నడు. అంతకంటె ఎక్కువ ఇద్దరల్ల ఎవ్వరు దిగలె.

అక్టోబర్ పదిహేను, బుధవారం. మన దగ్గర పొద్దున ఏడుమ్ముప్పావుకు ఆట షురూ. గ్యారేజ్ నిండ జనం. నేను చాయ్ ముట్టలె. మొదటి సగం అయిపోయింది, గోల్ లేదు. వీళ్ళు ఎప్పటి తీరుగనే మనోళ్ళకు కాళ్ళు లేవు అని మొదలుపెట్టిన్రు. ఒక్కలన్న నోరు తెరిస్తే పండ్లు రాలగొడ్త అన్న. అందరు చల్లబడ్డరు. రెండో సగంల కూడ చాన సేపు ఏం లేదు. ఆ ఇద్దరు వంటింట్ల ఎట్ల కూసున్నరో, మాట్లాడుకుంటున్నరో లేదో, నా కండ్ల ముందు అదే ఆడుతుంది. బంతి దిక్కు చూసినట్టే లేదు నేను. అంతల గ్యారేజ్ అంత ఒక్కసారి లేచింది. గోల్. నోరీన్ నన్ను పట్టుకొని ఎగిరింది. ఆ వయసుల అంత ఎగురుతదని నేననుకోలె.

అదే ఒక్క గోల్‌తోని ఆట అయిపోయింది. ఐర్లాండ్ గెలిచింది. ఫోన్ చెయ్యి, ఫోన్ చెయ్యి అని అందరు నా మీద పడ్డరు. నేను ఫోన్ చేతిల పట్టుకొని నిలబడ్డ. ఇప్పుడు చేస్తే ఏమైతది? డెక్లన్ ఒక్క నిమిషం ఉండ అన్నడు, ఉండడు. పదహారేండ్ల తర్వాత రెండు గంటలు ఏ మూలకు సరిపోతయి? మొదటి గంటంత వాన గురించే మాట్లాడి ఉంటరు. అసలు మాట ఇప్పుడిప్పుడే నోటిదాక వచ్చి ఉంటది. లియమ్‌కు ఫోన్ కలిపిన. ఆట ఇంక కాలె అన్న. స్టేడియంల లైట్లు పోయినయట, ఆట ఆగింది, మళ్ళ ఎప్పుడు మొదలువెడ్తరో తెల్వదట అన్న. లియమ్ ఒక్క క్షణం ఆగి, అట్లనా, చెప్త మా అన్నకు అని పెట్టేసిండు.

నోరీన్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇంత సిగ్గులేని మనిషిని నేను చూడలె అంది, నవ్వుకుంటనే. గంట సేపు ఎవ్వరు గ్యారేజ్ వదిలిపోలె. పనికి పోవాల్సినోళ్ళు కూడ ఫోన్లు చేసి జర లేటైతదని చెప్పుకున్నరు. గంట దాటినంక నాకే తప్పనిపించింది. తెల్వకుంట కూసున్న ముసలోళ్ళను ఇంకెంతసేపు మోసం చేస్త? మళ్ళ చేసిన. లియమ్ ఎత్తిండు, గొంతు తగ్గించి మాట్లాడుతుండు.

గెలిచినం, ఒకటి సున్న, మాఫ్ చెయ్యి, ఆట అయిపోయి గంటైంది అని ఒక్క గుక్కల చెప్పేసిన.

"తెలుసు," అన్నడు. "స్టేడియం మా ఇంటెనుకనే. ఆ లైట్లు మా వంటింట్లనే పడ్తయి."

డెక్లన్‌కు కూడ తెలిసిందా అని అడిగిన.

"తెలవకుంటేంది? గోల్ పడ్డప్పుడు కేక విన్నడు. జనం పాటలు పాడుకుంట మా కిటికీ కిందికెళ్ళి పోతుంటే చూసిండు. కోటు చేతిలకు తీసుకున్నడు కూడ. అప్పుడే నీ ఫోన్ వచ్చింది. లైట్లు పోయినయట అని చెప్పిన. వాడు కిటికీ దిక్కు చూసిండు, ఆ వెలుగంత వాని మొఖం మీదనే ఉంది. అయితే జర టైం పడ్తది అని కోటు మళ్ళ కుర్చీకి తగిలేసిండు."

గ్యారేజ్‌ల అందరు నా మొఖమే చూస్తున్నరు. అవతల కెటిల్ మరిగే చప్పుడు, వెనుక డెక్లన్ ఏదో చెప్పుకుంట నవ్వే చప్పుడు వినవడ్డయి.

"సుభద్రా, ఆ లైట్లు ఎప్పుడొస్తయంటవ్?" అని మెల్లగ అడిగిండు లియమ్.

"పొద్దు పొడిచేదాక రావట," అని చెప్పి ఫోన్ పెట్టేసిన.